నిద్రకు కాపలా

కళ్లు మూసుకుని వినడం అక్కకు అలవాటు. ఎవరైనా మాట మొదలుపెట్టగానే కుర్చీలో కాస్త కిందికి జారి, పైటచెంగు ఒళ్లోకి పోగుచేసుకుని, రెప్పలు వాల్చేసేది. కొత్తవాళ్లు ఆమె నిద్రలోకి జారుకుందనుకుని గొంతు తగ్గించేవాళ్లు. అప్పుడు ఒక్క కన్ను తెరిచి, "గట్టిగా చెప్పమ్మా, వింటానే ఉండాను" అనేది.

నేను ఆమెను మొదట చూసింది అలాగే. పెళ్లయి గుడియాత్తం నుంచి వేలూరుకు కాపురానికి వచ్చిన కొత్త. మా ఆయన పిల్లల డాక్టరు. నలుగురూ పరిచయమవుతారని డాక్టర్ల భార్యల సంఘానికి నన్ను ఆయనే పంపించారు. ఒక పెద్ద నర్సింగ్‌హోమ్ మేడమీద హాలు, తెల్లటి కర్టెన్లు, ఫిల్టర్ కాఫీ వాసన. కొత్తగా చేరినవాళ్లు తమ గురించి చెప్పుకోవాలన్నారు. నేను లేచి, మాది లుంగీల వ్యాపారమనీ, మగ్గాల చప్పుడులో పెరిగాననీ, ఆ చప్పుడు లేక ఈ ఊళ్లో నిద్ర పట్టడం లేదనీ ఏదో చెప్పి కూర్చున్నాను. అందరూ నవ్వారు. చివరి వరసలో ఒకావిడ మాత్రం కళ్లు మూసుకుని ఉంది. అంతమందిలో హాయిగా నిద్రపోతున్న ఆ మనిషిని చూసి నాకు కొంచెం అసూయ కూడా కలిగింది.

దిగిపోయేటప్పుడు మెట్ల మీద ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. మగ్గం చప్పుడు లేకుండా ఎట్లా పండుకుంటున్నావని అడిగింది. గట్టిగా టిక్కుటిక్కుమనే పాతకాలం గడియారం ఒకటి తలదగ్గర పెట్టుకొమ్మంది. నేను పెట్టుకున్నాను. నిద్ర పట్టింది. వేలూరులో నా వంట గురించి, నా నగల గురించి, పిల్లలెప్పుడని అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు. నా నిద్ర గురించి అడిగిన మొదటి మనిషి ఆమే.

పోయిన నెల ఒక సాయంకాలం ఆమె భర్త ఫోన్ చేశారు. "మీ అక్క పోయిందమ్మా. అన్నం తిని పండుకునింది. కాఫీకి లేపితే లేవలేదు" అన్నారు. ఆయన ఎముకల డాక్టరు, మితభాషి. ఆ మాట చెప్పాక ఇంకేదో అడగాలనుకుంటున్నట్టు ఫోన్ పెట్టేయకుండా ఉన్నారు. నేనూ పెట్టేయలేదు. అటువైపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వింటూ అలాగే నిలబడిపోయాను.

అక్కది పేర్ణాంబట్టు దగ్గర పల్లె. వేరుశెనగ చేలూ మామిడితోటలూ ఉన్న రైతు కుటుంబం. మా అందరిలాగే ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అనర్గళంగా మాట్లాడేది కానీ అక్షరం రాదు. నాకు మా అమ్మ నేర్పించిందని తెలిసి ఒకరోజు తన పేరు రాసి చూపించమంది. రాశాను. కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, తిప్పి చూసింది. "ఇది నేనేనా? జాంగిరీ మాదిరి ఉండానే" అంది. ఆ తర్వాత చాలా రోజులు మిఠాయి కొట్టు ముందు నుంచి వెళ్తున్నప్పుడల్లా తన పేరు పళ్లెంలో ఉందని చూపించేది.

ఇంట్లో కారున్నా బస్సులోనే తిరిగేది. కారులో ఎవరూ మాట్లాడరని ఆమె ఫిర్యాదు. బస్సులో పక్కన కూర్చున్న మనిషి ఎవరైనా సరే, కాట్పాడి దాటేలోపు తన కష్టం ఆమెకు చెప్పుకునేది. ఆ కథలు వింటూ వింటూ అక్క దిగాల్సిన చోట దిగేది కాదు. ఎన్నోసార్లు ఊరు దాటిపోయి, ఎదురు బస్సెక్కి వెనక్కి వచ్చేది. పాలారు వంతెన మీద మాత్రం మాట మధ్యలో ఆపి కిటికీలోంచి చూసేది. ఎప్పుడూ ఇసకే. ఎప్పుడైనా సన్నగా నీటిపాయ మెరిస్తే బస్సులో నిద్రపోతున్నవాళ్లను సైతం తట్టి చూపించేది.

మా సంఘం ఏ ఆశయంతోనూ పుట్టలేదని పాత సభ్యులు చెప్పేవారు. వైద్యుల సమావేశాలకు భర్తల వెంట వెళ్లిన భార్యలు వెనక గదిలో కూర్చునేవారట. ఆ సమావేశాలు ఎంతకీ తెమిలేవి కావు. విసుగెత్తి ఒకరు తంబోలా తెచ్చారు, ఇంకొకరు కుట్టుపని తెచ్చారు. కొన్నాళ్లకు ఎవరికో వార్డుల్లో ఉన్న రోగులకు పండగపూట పళ్లు పంచాలనిపించింది. అక్కడి నుంచి దుప్పట్లు, రక్తదాన శిబిరాలు, పల్లెల్లో కంటి పరీక్షలు. అన్నీ మంచి పనులే. అయితే మేం చేసే మంచి ఎప్పుడూ కాఫీ వేళకు ముగిసిపోయేది.

దాన్ని మార్చింది అక్క అన్న ఒక మాట. ఆ రోజు వార్షికోత్సవానికి అందరం ఏ రంగు చీరలు కట్టుకోవాలన్న చర్చ సాగుతోంది. నెమలికంఠం రంగా, మామిడిచిగురు రంగా అన్న దగ్గర ఆగింది. అక్క కళ్లు మూసుకునే ఉంది. అలా ఉండే, తన భర్త దగ్గరికి చేయి విరిగి, పక్కటెముక విరిగి వచ్చే ఆడవాళ్లంతా బాత్రూములో జారిపడ్డామనే చెబుతారని అంది. ఇప్పుడు అందరూ టైల్స్ వేయిస్తున్నారు కదా, జారుడే మరి అని ఎవరో అన్నారు.

అక్క అప్పుడు కళ్లు తెరిచింది.

"పేర్ణాంబట్టులో, గుడియాత్తంలో, బీడీలు చుట్టే వీధులన్నీ నేను తిరిగినాను. వీధి మొత్తానికి ఒక బాత్రూము లేదు. వీళ్లంతా యాడ జారిపడతా ఉండారు?"

 తర్వాత కంటి డాక్టరు భార్య, తలుపు తగిలిందంటూ వాచిన కన్నుతో వచ్చేవాళ్ల గురించి తన భర్త చెప్పిన సంగతి మెల్లగా బయటపెట్టింది. నేను మా ఆయన దగ్గరికి వచ్చిన ఒక పసివాడి సంగతి చెప్పాను. ఇంట్లో గొడవలు మొదలయ్యాక వాడు మాట్లాడడం మానేశాడు. ఒక్కొక్కరూ చెబుతూ పోయారు. భోజనాల దగ్గర భర్తలు అన్యమనస్కంగా అన్న మాటలు అందరి దగ్గరా ఉన్నాయి. మేం వాటిని ఎప్పుడూ ఒకచోట పెట్టి చూడలేదు, అంతే. చీరల రంగు ఆ రోజు తేలలేదు.

పని మొదలుపెట్టాం కానీ ఎలా చేయాలో తెలియలేదు. పోస్టర్లు వేయించి క్లినిక్‌లలో అంటించాం. వాటి కింద కూర్చున్న ఆడవాళ్లు తలెత్తేవాళ్లు కాదు. లాయరును పిలిపించి ఉపన్యాసం పెట్టించాం. వచ్చిన రోగిని మొగుడు బయటికి వెళ్లాక విడిగా అడగమని నర్సులకు నేర్పించాం. కొట్టాడా అని అడిగితే లేదని చెప్పడానికి ఎవరికీ క్షణం పట్టేది కాదు.

ఒకనాడు అక్క తన భర్త ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఉంటే, చేతికి కట్టు కట్టించుకున్న బీడీలు చుట్టే ఒకామె వచ్చి పక్కన కూర్చుంది. మొగుడు మందులు కొనడానికి పోయాడు. ఏమైందని అక్క అడగలేదు. నిద్ర పడుతోందా అని మాత్రం అడిగింది.  కాసేపటికి ఆమె తల వాల్చి అక్క భుజం మీద నిద్రపోయింది. మొగుడు వచ్చి నిలబడ్డాడు. అక్క వేలు పెదవుల మీద పెట్టుకుని అతన్ని అవతలి బెంచీ మీద కూర్చోమని సైగ చేసింది. అతను కూర్చున్నాడు. ఆసుపత్రిలో జనం పలచబడి, ఊడ్చేవాళ్లు వచ్చేదాకా ఆ ఇద్దరూ, ఎదురుగా అతనూ అలాగే ఉన్నారట. లేచాక ఆమె అక్క చెవిలో, ఇంట్లో రెండు కళ్లూ మూసి చాలా కాలమైందని చెప్పిందట. ఎప్పుడు చెయ్యి పడుతుందోనని ఒక కన్ను తెరిచే ఉంచాలట.

అక్క ఆ విషయం మాకు చెబుతూ, "మనం చెప్పించుకునేదానికి చూస్తా ఉండాము. వాళ్లకు ముందు పండుకునేదానికి చోటు కావాల" అంది.

ఆ చోటు గుడియాత్తంలో మా నాన్న ఇచ్చారు. మగ్గాల వీధిలో నూలు పెట్టుకునే పాత గోదాము, పెంకుల పైకప్పు, వెనక చిన్న పెరడు. సంఘంలో కొందరికి నవ్వొచ్చింది. డాక్టర్ల భార్యలు చాపలు పరిచి పగలు జనాన్ని నిద్రపుచ్చడమేమిటన్నారు. అయినా సున్నం కొట్టించాం, బావి శుభ్రం చేయించాం, దూదిమెత్తలు కుట్టించాం. తలుపు మీద సంఘం పేరు రాయిస్తామంటే అక్క ఒప్పుకోలేదు. పేరుంటే వచ్చేవాళ్లు భయపడతారంది. వీధివాళ్లే తమిళం కలిపి 'తూంగే రూము' అని పెట్టుకున్నారు. అంటే పండుకునే గది.

ఆ మధ్యాహ్నాలు నాకిప్పటికీ కలలో వచ్చినట్టే గుర్తొస్తాయి. బయట రంగులద్దిన నూలు కట్టలు దండెం మీద ఆరుతుండేవి. ఎండ వాటిలోంచి లోపలికి వచ్చేసరికి గోడ మీద ఆకుపచ్చ, వంకాయరంగు నీడలు కదిలేవి. వీధి పొడుగునా మగ్గాలు ఆడుతుండేవి. బీడీ ఆకు వాసన, గంజి వాసన. లోపల చాపల మీద ఆడవాళ్లు. కొందరు గోడవైపు తిరిగి, కొందరు పిల్లను కడుపుకు హత్తుకుని, ఒకామె ఎప్పుడూ కూర్చునే. గుమ్మంలో స్తంభానికి ఆనుకుని అక్క. ఎవరు వచ్చినా "ముందు పండుకో తల్లీ. మాటలు యాడికీ పోవు" అనేది. అంతకుమించి స్వాగతం లేదు. కొందరు నిద్ర లేచి, ముఖం కడుక్కుని, ఏమీ చెప్పకుండా వెళ్లిపోయేవాళ్లు. కొందరు చెప్పేవాళ్లు. వాళ్లకు లాయరు కావాలంటే లాయరు, మహిళా పోలీస్ స్టేషన్‌కు తోడు కావాలంటే తోడు, పుట్టింటికి బస్సెక్కించాలంటే అదీ చేసేవాళ్లం. తిరిగి ఆ ఇంటికే పోయి, మళ్లీ దెబ్బలతో వచ్చినవాళ్లూ ఉన్నారు. ఎందుకు పోయావని అక్క వాళ్లను ఒక్కసారి కూడా అడగలేదు. అదే చాప, అదే మెత్త చూపించేది.

ఒకసారి ఒక నేతగాడు పెళ్లాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. వీధి మొదట్లోనే అతని అరుపులు వినిపించాయి. లోపల ఒకామె లేచి కూర్చుంది. ఆమె కాదు అతని భార్య. అతని భార్య పిడుగు పడినా తెలియనట్టు నిద్రపోతోంది. అక్క గుమ్మంలోంచి కదల్లేదు. తన పెళ్లాన్ని ఆపడానికి నువ్వెవరని అతను అడిగాడు.

"నేనెవర్నీ కాదు నాయనా. నిద్రపోయే మనిషిని లేపేదానికి నాకు మనసు రాదు. లేచినాక అడుగుతాను. వస్తానంటే పంపిస్తాను, రానంటే పంపను."

ఆ గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. వీధి వీధంతా చూస్తోంది. అతను కాసేపు నిలబడి, ఏం చేయాలో తోచక గోడ నీడలో చతికిలబడ్డాడు. అక్క చెంబుతో నీళ్లిచ్చింది. సాయంకాలం ఆమె లేచి, రానని చెప్పింది. ఆ మాట అక్క అతనికి చెప్పింది. అతను తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. కొన్ని నెలల తర్వాత ఆమె వేరే ఇల్లు తీసుకుని, సొంతంగా కండెలు చుట్టుకుంటూ ఉండడం నేను చూశాను.

బడులకు కూడా వెళ్లేవాళ్లం. పిల్లలకు అక్క నీతులు చెప్పేది కాదు. ఇంట్లో పెద్దవాళ్లు గట్టిగా అరిచినప్పుడు మీరు యాడ దాక్కుంటారని అడిగేది. మొదట నవ్వేవాళ్లు. తర్వాత చేతులు లేచేవి. మంచం కింద అని ఒకరు, బియ్యం డబ్బా వెనక అని ఇంకొకరు. మేడ మీద నీళ్లట్యాంకు పక్కన నక్షత్రాలు కనిపిస్తాయని ఒక పిల్ల చెప్పింది. తన పక్కవాడు కూడా దాక్కుంటాడని ప్రతివాడికీ ఆ రోజే తెలిసేది. పెద్దయ్యాక మీ ఇంట్లో ఎవరూ దాక్కోకూడదు, సరేనా అనేది అక్క. అంతే ఆమె పాఠం.

ఇదంతా సాగుతుండగా ఒక మధ్యాహ్నం గుడియాత్తంలో ఆ గది ముందు షేర్ ఆటో ఆగింది. మా సంఘం ప్రెసిడెంటు దిగింది. మేం సమావేశాలు పెట్టుకునే హాలు ఆమె భర్తదే. ఆయన పేరున్న సర్జను. ఊళ్లో సగంమంది డాక్టర్ల దగ్గరికి రోగులు ఆయన చీటీతోనే వచ్చేవారు. ఆమె కారు లేకుండా గుమ్మం దాటిన మనిషి కాదు. ఎండలో పట్టుచీరతో, చేతిసంచి కూడా లేకుండా నిలబడి, "సుమ్మా వచ్చినాను" అంది. ఊరికే వచ్చానని.

నేను కుర్చీ కోసం లోపలికి పరిగెత్తబోయాను. అక్క నా కొంగు పట్టుకుని ఆపింది. లేచి, తనే ఒక చాప దులిపి, గాలి తగిలే చోట పరిచి, మెత్త పెట్టింది. ప్రెసిడెంటమ్మ ఆ చాపను చాలాసేపు చూసింది. ఆమె అందరికీ బహుమతులిచ్చే మనిషి, రిబ్బన్లు కత్తిరించే మనిషి. ఆ గదిని ప్రారంభించింది కూడా ఆమే. గాజులు ఒక్కొక్కటే తీసి మెత్త పక్కన పెట్టుకుంది. పడుకుంది. పట్టుచీర గరగరలాడింది, తర్వాత అదీ ఆగిపోయింది. ఆమెకు అటు ఒక బీడీలమ్మ, ఇటు అగ్గిపెట్టెల పనికి పోయే పిల్ల. ముగ్గురూ ఒకే రకంగా, నోళ్లు కొంచెం తెరుచుకుని నిద్రపోయారు. గోడ మీద వంకాయరంగు నీడ ముగ్గురి మీదుగా మెల్లగా జరిగింది.

అక్క ఫోన్ మోగింది. సర్జనుగారు. అక్క కొంచెం పక్కకు కూడా వెళ్లలేదు.

"ఉండారండీ, ఈడే ఉండారు. నిద్రపోతా ఉండారు" అంది. అవతల ఏమన్నారో. "లేదండీ, లేపను. లేచినాక అడుగుతాను." ఆ నేతగాడితో అన్న మాటలే. ఒక్క 'నాయనా' బదులు 'అండీ' వచ్చింది.

చీకటిపడే ముందు ఆమె లేచింది. అప్పుడు చెప్పింది. అంతకుముందు ఏడు ఆమె చెయ్యి విరిగితే కట్టు కట్టింది అక్క భర్తే. బాత్రూములో జారిపడ్డానని ఆమె ఆయనకు చెప్పింది. ఆ ఇంట్లో చలువరాతి బాత్రూములున్నాయి, ఆయన నమ్మారు. మేమంతా పళ్లు తీసుకుని చూడ్డానికి వెళ్లాం కూడా. ఆ రాత్రికి ఆమెను మా పుట్టింటికి తీసుకెళ్లాం. మా అమ్మ ఏమీ అడగకుండా వేడివేడి రాగిముద్ద చేసి పెట్టింది.

ఆ వారంలోనే మేడమీద హాలుకు తాళం పడింది. అక్క ఇంటి వసారాలో సమావేశం పెట్టుకున్నాం. అలా బిగుసుకుపోయిన వసారాను నేనెన్నడూ చూడలేదు. ఇది భార్యాభర్తల మధ్య మాట అన్నారు కొందరు. తమ భర్తల ప్రాక్టీసు దెబ్బతింటుందన్నారు కొందరు. ఆ భయం అబద్ధమేమీ కాదు. చివరికి ఒక పెద్దావిడ సంఘం నియమం గుర్తుచేసింది. డాక్టరు భార్యకే ఇందులో సభ్యత్వం. ఈమె భర్తను విడిచిపెడితే ప్రెసిడెంటు సంగతి దేవుడెరుగు, సభ్యురాలు కూడా కాదు కదా అంది. ప్రెసిడెంటమ్మ తల వంచుకుని కూర్చుని ఉంది. రాజీనామా చేస్తానని లేవబోయింది.

అక్క ఆ రోజు మొదటి నుంచీ కళ్లు తెరుచుకునే వింది. అది చూసే నాకు భయం వేసింది.

"బీడీలు చుట్టే ఆమె వస్తే మనకు కష్టం అగుపడింది" అంది. "మన పక్క కుర్చీలో ఆమె వస్తే మానం అగుపడతా ఉండాదా? కొట్టినోడు ఆయన. సంఘంలోనుంచి పంపించేది ఈమెనా?"

చాలామంది లేచి వెళ్లిపోయారు. కొందరు చెప్పులు వేసుకుంటూ ఏడ్చారు. మిగిలినవాళ్లం వసారాలో ఒక మూలకు సరిపోయాం. ఆ మూలలోనే నియమం మార్చాం. కష్టం తెలిసిన ఎవరైనా చేరొచ్చని. తర్వాత నర్సులు వచ్చారు, టీచర్లు వచ్చారు. ఒక లేడీ డాక్టరు భర్త, బ్యాంకు ఉద్యోగి, తనూ డాక్టరు జీవితభాగస్వామినే కదా అంటూ వచ్చి చేరి, బడుల్లో మగపిల్లలతో మాట్లాడే పని నెత్తికెత్తుకున్నాడు.

అక్క తన భర్తను ఏమీ అడగలేదు. ఆయనా సర్జనుగారూ కలిసి చదువుకున్నవాళ్లు. రోజూ పొద్దున షటిల్ ఆడేవాళ్లు. ఒక పొద్దున ఆయన బ్యాటు పక్కన పెట్టేసి, నీ భార్య చెయ్యి నేను అతికించాను, మళ్లీ నీ దగ్గరికే పంపించాను, ఇక నీతో ఆడలేనని అందరి ముందూ చెప్పి ఇంటికి వచ్చేశారట. ఆ సంగతి అక్కకు కూడా ఇంకెవరో చెబితేనే తెలిసింది. ఆయన ఆసుపత్రికి వచ్చే రోగులు కొంతకాలం బాగా తగ్గారు. అక్క ఆ రోజుల్లో ఆయనకు మధ్యాహ్నాలు కారం దోసెలు పోసి పెట్టేది. అంతకుమించి వాళ్లిద్దరూ ఆ విషయం మాట్లాడుకున్నట్టు నాకు తెలియదు.

ప్రెసిడెంటమ్మ పెళ్లికి ముందు ఫార్మసీ చదివింది. ఆంబూరులో చెప్పుల ఫ్యాక్టరీల దారిలో మందుల షాపు పెట్టుకుంది. విడాకులకు చాలా ఏళ్లు పట్టింది. సర్జనుగారు ఇప్పటికీ ప్రాక్టీసు చేస్తూనే ఉన్నారు. ఊరు ఆయన్ను శిక్షించలేదు. అయితే సభల్లో ఆయన పక్క కుర్చీలో కూర్చోవడానికి ఇప్పుడు అందరూ పోటీపడడం లేదు.

అక్క పెద్దకర్మకు ప్రెసిడెంటమ్మ ఆంబూరు నుంచి వచ్చింది. షిఫ్టు మారే వేళ ఫ్యాక్టరీ పిల్లలు షాపుకు వస్తారని, భోజనం కూడా చేయకుండా వెళ్లిపోయింది. అందరూ వెళ్లాక అక్క భర్త నా దగ్గరికి వచ్చి, ఫోన్‌లో అడగలేకపోయిన మాట అడిగారు. ఇన్నేళ్లూ ఆమె మధ్యాహ్నాలు గడిపిన చోటు తను చూడనే లేదని, మగవాళ్లను రానివ్వరని తెలుసని, బయటి నుంచే చూడొచ్చా అని.

మరుసటి వారం ఇద్దరం బస్సులో వెళ్లాం. నేను లోపలికి వెళ్లాను. ఆయన వీధి అవతల, ఒక మగ్గం ఇంటి అరుగు మీద కూర్చున్నారు. మగ్గం మనిషి టీ తెప్పించి ఇచ్చాడు. అక్క కూర్చునే గుమ్మంలో ఇప్పుడు ఒక రిటైర్డు నర్సు కూర్చుంటోంది. ఆయన గుమ్మం వైపు, పెంకుల వైపు, ఆరుతున్న నూలు వైపు చూస్తూ ఉండిపోయారు. ఎండలో ఆయన తెల్లచొక్కా మీద కూడా రంగులు కదిలాయి.

వెలుతురు పలచబడ్డాక లోపలి నుంచి ఒకామె బయటికి వచ్చింది. కుడిచెయ్యి కొంగులో దాచుకుని ఉంది. ఆ నడక చూసే ఆయన లేచి నిలబడ్డారు. వీధి దాటి వచ్చి, కొంచెం దూరంలోనే ఆగి, చెయ్యి వాచినట్టుందమ్మా, చూడనిస్తావా అని అడిగారు. ఆమె వెనక్కి జరిగింది. మగమనిషి. చెయ్యిని ఇంకా లోపలికి లాక్కుని, నావైపు తిరిగి, "అక్క రాలేదా?" అని అడిగింది.

 ఆయనే చెప్పారు.

"అక్క ఇంక రాదమ్మా. నేను ఆమె మొగుణ్ణి."

తను డాక్టరునని ఆయన చెప్పనే లేదు. ఆమె ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కొంగు తొలగించి, చెయ్యి ఆయన ముందుకు చాపింది.